యూనివర్సిటీలో దివ్యాంగుల వసతులకు నిధులు: ఏ ఖర్చు ఎవరి ఖాతాలోంచి రావాలి?

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు, కొత్తగా ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ (దివ్యాంగుల్లాంటి విద్యార్థులకు సమాన అవకాశాలు చూసే విభాగం) బాధ్యత మీకు అప్పజెప్పారు. "దివ్యాంగ విద్యార్థుల కోసం మంచి ప్రపోజల్ ఒకటి తయారు చేయండి, ఫండ్స్ ఎక్కడ దొరుకుతాయో చూడండి" అని వీసీ గారు అన్నారు. ఆర్ట్స్ బ్లాక్‌కు లిఫ్టు, లైబ్రరీలో చూపులేని పిల్లలకు కంప్యూటర్లు, హాస్టల్లో టాయిలెట్లు, కొన్ని వీల్‌చైర్లు, ఇవన్నీ కలిపి ఏ స్కీమ్ కింద పెడితే శాంక్షన్ అవుతుందని మీరు అడిగారు. నేను ఇలాంటి సెల్ పనే చాలాకాలం చూశాను, ఇప్పుడు వేరే కాలేజీలవాళ్లు పంపే ప్రపోజల్స్ చదివి సలహా చెబుతుంటాను.

అన్నీ కలిపి ఒకే ప్రపోజల్ మాత్రం పెట్టకండి. ఆ నాలుగు పనులకూ డబ్బు నాలుగు వేర్వేరు చోట్ల ఉంటుంది. కలిపి పంపితే ప్రతివాళ్లూ "ఇందులో సగం మా పరిధిలోది కాదు" అని ఫైలు వెనక్కి పంపుతారు. పైగా మీ జాబితాలో బయటివాళ్లను అడగాల్సిన అవసరమే లేనివి ఉన్నాయి. అవి యూనివర్సిటీ సొంత బడ్జెట్‌లోంచి రావాల్సినవి. వాటికి దాతను వెతకడం మొదలుపెడితే, దాత దొరకలేదనే సాకు యాజమాన్యానికి మనమే చేతికిచ్చినట్టవుతుంది.

అందుకే ముందు చట్టం సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 32 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. ఇది అందరికీ తెలిసిందే. మీకు ఎక్కువగా పనికొచ్చేవి 44, 45 సెక్షన్లు. ప్రమాణాలు పాటించని భవనానికి ప్లాన్ అనుమతిగానీ కంప్లీషన్ సర్టిఫికెట్‌గానీ ఇవ్వకూడదని 44 చెబుతుంది. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను, రూల్స్ వచ్చిన ఐదేళ్లలోపు అందుబాటులోకి తేవాలని 45 చెబుతుంది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, అంటే ఆ గడువు 2022 జూన్‌తోనే అయిపోయింది. యూజీసీ కూడా 2022లోనే ఉన్నత విద్యాసంస్థల కోసం ప్రత్యేకంగా యాక్సెసిబిలిటీ (దివ్యాంగులకు అందుబాటు) మార్గదర్శకాలు తెచ్చింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేసిన 15(1) రూల్ మూల చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు తయారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు క్షేత్రస్థాయి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగ అధ్యయన కేంద్రమే. మీ నోట్‌ఫైల్‌లో ఈ సెక్షన్లు, ఈ తీర్పు ఒక పేరాలో రాయండి. ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర "జాలితో చేసే పని" అన్న ఫైలుకూ "ఆడిట్ అభ్యంతరం రావచ్చు" అన్న ఫైలుకూ కదలికలో చాలా తేడా ఉంటుంది.

దీని అర్థం ఏమిటంటే, మీ క్యాంపస్‌లో ఈ ఏడాది ఏ కొత్త బ్లాక్ కట్టినా, పాత హాస్టల్‌కు ఏ మరమ్మతు చేసినా, ర్యాంపు, టాయిలెట్, రెయిలింగ్, నేలమీద స్పర్శ టైల్స్ ఆ ఎస్టిమేట్‌లోనే ఉండాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కేంద్రం నిధులిచ్చే పీఎం ఉషా పథకం కింద భవనం వస్తున్నా అంతే. దివ్యాంగుల వసతులకు అన్నిటికన్నా తేలికగా దొరికే డబ్బు ఇదే, కానీ ఎవరూ దీన్ని "ఫండ్" అనుకోరు. కొత్త భవనంలో టాయిలెట్ తలుపు వెడల్పుగా పెట్టడానికి అయ్యే అదనపు ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. కట్టాక గోడ పగలగొట్టి పెట్టాలంటే మళ్లీ టెండరు, మళ్లీ కాంట్రాక్టరు. మీరు చేయాల్సిందల్లా ఇంజినీరింగ్ సెల్‌లో ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారిని కలిసి, టెక్నికల్ శాంక్షన్‌కు వెళ్లే ప్రతి డ్రాయింగ్ మీ సెల్‌కు ఒకసారి చూపించేలా రిజిస్ట్రార్ చేత ఒక సర్క్యులర్ ఇప్పించడం. ఆ ఒక్క కాగితం మీరు తేగల చాలా గ్రాంట్లకన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక పాత భవనాలు. ఇక్కడ ప్రపోజల్ రాయడానికి ముందు ఆడిట్ చేయాలి. కన్సల్టెంట్‌ను పిలవడం తర్వాతి సంగతి. వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థి ఒకరు, చూపులేని విద్యార్థి ఒకరు, వినికిడి లేనివారు ఒకరు, మీరు, ఈఈ ఆఫీసు నుంచి ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కలిసి ఒక పూట తిరగండి. టేపు తీసుకెళ్లండి. ఉదాహరణకు ఆర్ట్స్ బ్లాక్ ముందు మూడు మెట్లు ఉన్నాయనుకుందాం, ఎత్తు 45 సెంటీమీటర్లు. ప్రమాణం 1:12 వాలు. అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు. 45 సెంటీమీటర్లకు 5.4 మీటర్ల ర్యాంపు రావాలి, పైనా కిందా వీల్‌చైర్ తిప్పుకునేంత చదునైన జాగా వేరే. మన క్యాంపస్‌లలో కనిపించేదేమిటి? ఆ మూడు మెట్ల పక్కనే రెండు మీటర్లలో ముగించిన, నున్నటి గ్రానైట్ పరిచిన జారుడుబండ. కింద రెండు పూలకుండీలు, పక్కన స్టాండు వేసిన బైకులు. దాన్ని కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థకు పంపే రిపోర్టులో ఫొటోతో సహా "ర్యాంపు" అని చూపిస్తారు. వీల్‌చైర్‌లో దాని మీద ఒంటరిగా ఎక్కడం అసాధ్యం, వానలో దిగడం ప్రమాదం. ఇలాంటివి మీ ఆడిట్‌లో కొలతతో, ఫొటోతో రాయండి. "ర్యాంపు కావాలి" అనే ప్రపోజల్‌కు "ఉందిగా" అనే జవాబు వస్తుంది. "ఉన్న ర్యాంపు వాలు 1:4, ఉండాల్సింది 1:12" అంటే ఎవరూ మాట్లాడలేరు.

పాత భవనాలకు బయటి డబ్బు కావాలంటే కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం నడిపే సిప్డా పథకం ఉంది. చట్టం అమలు కోసం పెట్టిన పథకం ఇది. ర్యాంపులు, లిఫ్టులు, టాయిలెట్లు, బ్రెయిలీ సూచికలు, వెబ్‌సైట్ల యాక్సెసిబిలిటీ లాంటివి దీని కిందకు వస్తాయి, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా అడగొచ్చు. మీది రాష్ట్ర యూనివర్సిటీ కాబట్టి రాష్ట్ర వికలాంగుల సంక్షేమ శాఖ సిఫారసుతో పంపండి. భవనం వారీగా ఎస్టిమేట్, డ్రాయింగ్, ఆడిట్ రిపోర్టు జతచేయాలి. ఓపిక కావాలి, మధ్యలో అధికారులు మారతారు, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. వేసవిలో పని అయిపోతుందన్న ఆశతో దీని మీద ఆధారపడకండి.

చాలామంది హెప్‌సన్ గురించి అడుగుతారు, పాత యూజీసీ సర్క్యులర్ ఏదో చూసి. పంచవర్ష ప్రణాళికల కాలంలో దివ్యాంగ విద్యార్థుల కోసం యూజీసీ నడిపిన పథకం అది. పన్నెండో ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది. ఆ పేరు చూసి బడ్జెట్ వేసుకోకండి.

లిఫ్టు విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. లిఫ్టు కోసం డబ్బు తేవడం కష్టమే, కానీ అసలు కష్టం రెండో ఏడాది మొదలవుతుంది. వారంటీ అయిపోతుంది, ఏఎంసీకి (ఏటా చేసే నిర్వహణ ఒప్పందానికి) బడ్జెట్‌లో హెడ్ ఆఫ్ అకౌంట్, అంటే ఖర్చు పద్దు, లేదని ఫైలు తిరుగుతుంది, లిఫ్టు ఆగిపోతుంది. లేదా నడుస్తున్నా తాళం అటెండరు దగ్గర ఉంటుంది, తలుపు మీద "స్టాఫ్ మాత్రమే" అని కాగితం అంటించి ఉంటుంది. కాబట్టి టెండరు పిలిచేటప్పుడే ఐదేళ్ల ఏఎంసీ ధర కలిపి అడగండి. కరెంటు పోతే దగ్గరి ఫ్లోర్‌లో ఆగి తలుపు తెరుచుకునే ఏర్పాటు, వాయిస్ అనౌన్స్‌మెంట్, బ్రెయిలీ బటన్లు, కనీసం 90 సెంటీమీటర్ల తలుపు, ఇవన్నీ స్పెసిఫికేషన్‌లో రాయండి. తర్వాత అడిగితే "అది అదనం" అంటారు. లిఫ్టు వచ్చేలోపు ఏం చేయాలంటే, ఆ విద్యార్థి క్లాసును గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చండి. టైమ్‌టేబుల్ కమిటీ ఒక్క మీటింగ్‌లో చేసే పని అది. ఐదో సెమిస్టర్ విద్యార్థికి లిఫ్టు వచ్చే ఏడాది వస్తుందని చెప్పి లాభం లేదు.

డబ్బు అక్కర్లేని మిగతా పనుల్ని కూడా ప్రపోజల్‌లో కలపకుండా వేరుగా చేసేయండి. పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెబితే జవాబులు రాసే మనిషి), ఇవి కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఉత్తర్వుతో అయిపోతాయి. 40 శాతం వైకల్యం లేనివారికి స్క్రైబ్ ఇవ్వకూడదని ఇప్పటికీ కొందరు సూపరింటెండెంట్లు వాదిస్తారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆ తీర్పు ప్రతిని పరీక్షల విభాగానికి పంపి ఉంచండి, పరీక్ష రోజు పొద్దున పిల్లలకు టెన్షన్ తగ్గుతుంది.

వీల్‌చైర్లు, వినికిడి యంత్రాల్లాంటివి అసలు యూనివర్సిటీ కొనాల్సినవి కావు. దివ్యాంగులకు సహాయ పరికరాలిచ్చే కేంద్ర అడిప్ పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, వ్యక్తి పేరు మీద వస్తాయి, ఎక్కువగా కాన్పూర్‌లోని ప్రభుత్వ పరికరాల తయారీ సంస్థ అలిమ్‌కో ద్వారా. స్కాలర్‌షిప్పులు కూడా అంతే: కేంద్ర పోస్ట్‌మెట్రిక్, టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్పులు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఉంటాయి, ఇంజినీరింగ్ పిల్లలకు ఏఐసీటీఈ సక్షమ్ కింద ఏటా 50,000 రూపాయలు వస్తాయి. ఇక్కడ మీ సెల్ చేయాల్సింది ఒకటే. చాలామంది పిల్లల దగ్గర రాష్ట్రం ఇచ్చే సదరం వైకల్య సర్టిఫికెట్ ఉంటుంది గానీ దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, ఉండదు, కేంద్ర పథకాలకు అది అడుగుతారు. అడ్మిషన్ల సమయంలోనే ఒక హెల్ప్‌డెస్క్ పెట్టి ఎవరికి కార్డు లేదో చూసి అప్లై చేయిస్తే, మీ బడ్జెట్‌లోంచి పైసా ఖర్చు లేకుండా పిల్లల ఖాతాల్లోకి డబ్బు వస్తుంది.

ఇప్పుడు సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. మీ అసలు ఆశ దీని మీదే ఉందని అనిపిస్తోంది, అది సరైనదే, కానీ సరైన వస్తువుకు వాడాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు వేటికి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో విద్యతోపాటు దివ్యాంగుల వృత్తి నైపుణ్యాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. కాబట్టి ఎక్కడో ముంబయి కంపెనీకి మెయిల్ పెట్టేకన్నా మీ జిల్లాలో ఫ్యాక్టరీ ఉన్న సంస్థకు, విశాఖ అయితే అక్కడి ప్రభుత్వరంగ సంస్థలకు, హైదరాబాద్ అయితే ఐటీ, ఫార్మా కంపెనీలకు వెళ్లండి. ముందు మీ యూనివర్సిటీకి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ (సీఎస్‌ఆర్ పనులు చేపట్టే సంస్థలు కేంద్రం దగ్గర చేసుకునే నమోదు) ఉందో లేదో ఫైనాన్స్ సెక్షన్‌లో అడగండి. 2021 ఏప్రిల్ నుంచి అది లేకుండా మీ చేతికి డబ్బు ఇచ్చి పని చేయించడం వాళ్లకు కుదరదు. ఈ ఒక్క కాగితం లేక ఒప్పుకున్న డబ్బు వెనక్కి వెళ్లిపోయిన సందర్భాలు చూశాను.

కంపెనీలవాళ్లు సాధారణంగా ఏం ఇస్తామంటారంటే, వీల్‌చైర్లు. ఒకే సైజువి ఒక లారీలో వస్తాయి, వరండాలో వరుసగా పెట్టి బ్యానర్ కట్టి ఫొటో తీస్తారు. మీ క్యాంపస్‌లో వీల్‌చైర్ వాడేవాళ్లు నలుగురు ఉంటే, వాళ్లకు వాళ్ల సొంతవి ఉన్నాయి, నడుము కొలతకు సరిపోయేవి. మర్యాదగా వద్దనండి. బదులుగా రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ వాళ్ల చేతిలో పెట్టండి: సమస్య ఏమిటి, ఎంతమంది విద్యార్థులు, ఏం కొంటారు, మూడేళ్లు ఎవరు నడుపుతారు, ఏడాది చివర ఏం చూపిస్తారు. ఆర్థిక సంవత్సరం చివరి త్రైమాసికంలో ఖర్చు కాని డబ్బుతో వాళ్లే ఫోన్లు చేస్తారు. అప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లోని ధరలతో సహా సిద్ధంగా ఉన్న ఫైలు మీ దగ్గర ఉండాలి.

సీఎస్‌ఆర్‌తో ఏం చేయాలంటే, నా ఓటు లైబ్రరీకి. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రపోజల్స్‌లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. "చూపులేని విద్యార్థుల కంప్యూటర్ ల్యాబ్" అనగానే ఖరీదైన స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) లైసెన్సులు, బ్రెయిలీ ప్రింటరు, పది కంప్యూటర్లు రాసేస్తారు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. మరి ల్యాబ్ ఖాళీగా ఎందుకుంటుంది? చదవడానికి తెలుగు పుస్తకం లేదు కాబట్టి. మన తెలుగు మీడియం నోట్సు, స్టడీ మెటీరియల్ చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి చక్కటి తెలుగే, కానీ ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే అర్థంలేని అక్షరాల వాన. ఆ పక్కనే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఉంటాయి, అవి దానికి బొమ్మలు, అసలు మాట్లాడదు. ఎంఏ తెలుగు, చరిత్ర చదివే విద్యార్థి చివరికి ఫ్రెండ్ చేత చదివించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాడు, ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్లు ఉండగానే.

కాబట్టి ప్రపోజల్‌లో కంప్యూటర్లు మూడు చాలు, మిగతా డబ్బు మార్పిడి పనికి పెట్టండి. మీ సిలబస్ పుస్తకాల జాబితా, ఒక మంచి స్కానర్, అను నుంచి అసలు తెలుగు అక్షరాలుండే యూనికోడ్‌కు మార్చే కన్వర్టరు, స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు తీసే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్, ఆపైన తప్పులు దిద్దడానికి పీజీ విద్యార్థులకు పేజీకి ఇంత అని పారితోషికం. ఓసీఆర్ ఒత్తుల దగ్గర తడబడుతుంది, మనిషి దిద్దాల్సిందే. కాపీరైట్ భయం అక్కర్లేదు: కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 52(1)(జెడ్‌బీ) క్లాజు దివ్యాంగులు చదువుకునే రూపంలోకి మార్చడాన్ని అనుమతిస్తుంది, లాభం కోసం కాకపోతే చాలు. మార్చినవాటిని చూపులేనివారి ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలోకి కూడా ఎక్కించే ఏర్పాటు చూడండి, వేరే యూనివర్సిటీ పిల్లలకూ దొరుకుతాయి. ఇకముందు మీ దూరవిద్య మెటీరియల్ మొత్తం యూనికోడ్‌లోనే ఇవ్వాలని ప్రింటర్‌తో ఒప్పందంలో ఒక షరతు పెట్టించండి. కంపెనీవాళ్లకు చూపించడానికి కూడా ఇది తేలిక: ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు, ఇంతమంది వాడారు.

ఎవరూ ప్రపోజల్‌లో రాయనిది సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్, అంటే పాఠాన్ని సైగల భాషలో చెప్పే మనిషి. చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, మన ప్రపోజల్స్‌లో చక్రాలు, తెల్ల కర్ర తప్ప ఏమీ కనిపించవు. వినికిడి లేని విద్యార్థి ముందు బెంచీలో కూర్చుని రోజంతా లెక్చరర్ పెదాలు చూస్తూ గడిపేస్తాడు, డిక్టేషన్ ఇస్తే పక్కవాడి నోట్సు కాపీ చేసుకుంటాడు. ఇంటర్‌ప్రెటర్‌కు గంటల లెక్కన ఇవ్వాలి, ప్రతి సెమిస్టర్ ఇవ్వాలి. భవనాల గ్రాంట్లు జీతాలకు పనికిరావు. దీనికి మూడేళ్ల సీఎస్‌ఆర్ ఒప్పందమో, యూనివర్సిటీ సొంత ఆదాయమో తప్ప దారి లేదు.

పూర్వ విద్యార్థులను మరిచిపోకండి. అమెరికాలో చదివిన మనవాళ్లు అక్కడి ప్రతి యూనివర్సిటీలోనూ వికలాంగ విద్యార్థుల కోసం ఒక ఆఫీసు ఉండటం చూసినవాళ్లే, చెబితే వెంటనే అర్థం చేసుకుంటారు. ఒక్క జాగ్రత్త: ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత డబ్బు మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. గ్రీన్‌కార్డు దాటి అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికిచ్చే) కార్డు ఉన్నా సరే. అప్పుడు విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, నిబంధనలు చూడాలి. డబ్బు పడ్డాక కాదు, అకౌంట్ నంబరు ఇవ్వకముందే ఫైనాన్స్ ఆఫీసర్‌తో తేల్చుకోండి. ఎంపీల్యాడ్స్, అంటే ఎంపీల స్థానికాభివృద్ధి నిధులు కూడా ఒక దారి, ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు ఉంటాయి, పని కలెక్టర్ ద్వారా మంజూరవుతుంది. ర్యాంపుల్లాంటి చిన్న కట్టడాలకు బాగుంటుంది.

చివరగా మీరు అడగనిది ఒకటి. వీసీ గారికి నచ్చితే, బయట గ్రాంటు వెతుకుతూనే, లోపల చిన్న నిధి ఒకటి పెట్టించండి. దూరవిద్య ఆదాయంలోంచో, పరీక్షల విభాగం మిగులులోంచో ఏడాదికి ఐదు లక్షలు చాలు. డిపార్టుమెంట్లు, విద్యార్థులు ఒక పేజీ దరఖాస్తుతో 50,000 రూపాయల వరకు అడగొచ్చు, నెలలోపు జవాబు రావాలి. ఎంపిక కమిటీలో సగం మంది దివ్యాంగ విద్యార్థులు, ఉద్యోగులే ఉండాలి, లేకపోతే డబ్బంతా మళ్లీ బోర్డులు, బ్యానర్లకు పోతుంది. జాగ్రఫీవాళ్లు తడిమి చూసే మ్యాపులు అడుగుతారు, కెమిస్ట్రీ ల్యాబ్‌వాళ్లు ఒక బల్ల ఎత్తు తగ్గించమంటారు, హాస్టల్ పిల్లలు టాయిలెట్‌లో ఒక పట్టుకమ్మీ అడుగుతారు. ఇవి ఏ కేంద్ర పథకానికీ కనిపించనంత చిన్నవి, ఏ కంపెనీకీ ఫొటో రానివి. కానీ ఒక విద్యార్థి చదువు కొనసాగించాలా మానాలా అన్నది చాలాసార్లు ఇలాంటివాటి దగ్గరే తేలుతుంది. దరఖాస్తులు ఏడాది పాటు పోగైతే, ఏ భవనంలో ఏ అవసరం ఎక్కువో మీకే తెలుస్తుంది. తర్వాతి సిప్డా ప్రపోజల్‌కు ఆధారం కూడా అదే.

వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు ఫైనాన్స్ సెక్షన్ ఎప్పుడు అడుగుతుందో ఇప్పుడే కనుక్కోండి. చాలా యూనివర్సిటీల్లో డిసెంబరు, జనవరిలోనే తీసుకుంటారు. అంతకుముందే ఆడిట్ రిపోర్టు, "యాక్సెసిబిలిటీ నిర్వహణ" అనే కొత్త హెడ్ ఆఫ్ అకౌంట్ ప్రతిపాదన పాలకమండలి అజెండాలో ఉండాలి. లిఫ్టు ఏఎంసీ, ఇంటర్‌ప్రెటర్ పారితోషికం, చిన్న నిధి, మూడూ ఆ హెడ్ కిందకే వస్తాయి. తొలి ఏడాది అందులో లక్ష రూపాయలు పెట్టినా ఒప్పుకోండి, హెడ్ అంటూ తెరిస్తే తర్వాత అంకె పెంచడం తేలిక.